టికెట్టు నా ఫోన్‌లో ఉంది, కానీ నాది కాదు

ఆ సాయంత్రం కచేరీకి నా ఫోన్‌లో రెండు టికెట్లున్నాయి. ఒకటి నాది, రెండోది చెల్లిది. మూడు నెలల ముందు పొద్దున్నే లేచి ఆన్‌లైన్ క్యూలో రెండు గంటలు కూర్చుని, తెర మీద ఆ గీత కదులుతోందా ఆగిపోయిందా అని కళ్లు కాయలు కాచేలా చూసి సంపాదించినవి. తీరా షో రోజు మధ్యాహ్నం చెల్లికి జ్వరం. లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. సీటు వృథా ఎందుకని ఒక స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది.

యాప్ తెరిచాను. టికెట్టు మీద చెల్లి పేరుంది. పేరు మార్చడం కుదరదు. ఇంకొకరి ఫోన్‌కి పంపడం కుదరదు. వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవడమూ కుదరదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తారట. ఇదంతా బ్లాకును అరికట్టడానికేనని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. సంగతి చెప్తే స్నేహితురాలు నీరుగారిపోయింది. "గేటు దాకా వచ్చాక వెనక్కి పొమ్మంటే పరువు పోతుందే, వద్దులే" అంది. ఒక్కదాన్నే వెళ్లాను.

గేటుకు కాస్త ఇవతల ఒక కుర్రాడు, చేతిలో రెండు ఫోన్లు, చుట్టూ నలుగురైదుగురు. అసలు ధరకు మూడింతలకు టికెట్లు అమ్ముతున్నాడు. ఒకావిడ నా మనసులో ఉన్న ప్రశ్నే అడిగింది: "ట్రాన్స్‌ఫర్ అవ్వదు కదా మరి?" కుర్రాడు నవ్వాడు. "ట్రాన్స్‌ఫర్ దేనికండీ? అకౌంటే ఇచ్చేస్తాను. మెయిలు, పాస్‌వర్డు రాసుకుని మీ ఫోన్‌లో లాగిన్ అయిపోండి." మరి పేరో? "పేరెవరు చూస్తారండీ!"

నిజంగానే ఎవరూ చూడలేదు. నేను కార్డు చేత్తో పట్టుకుని మరీ నిలబడ్డాను. స్కానర్ పట్టుకున్న అబ్బాయి నా ముఖం వైపైనా చూడకుండా ఫోన్ మీద ఎర్ర లైటు వేసి, అది కీచుమనగానే "పదండి పదండి" అన్నాడు. నియమాన్ని నమ్మిన నేను ఒక సీటు పోగొట్టుకున్నాను. అందులో సందెక్కడుందో కనిపెట్టినవాడు కనీసం నాలుగు సీట్లు అమ్ముకున్నాడు.

అప్పటినుంచి ఈ మొబైల్ టికెట్ల సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. దొరికినదల్లా చదివాను. చదివేకొద్దీ నాకొకటి అర్థమైంది. టికెట్ల వ్యాపారానికి పట్టిన జబ్బులు రెండు. ఒకటి నకిలీ, ఇంకొకటి బ్లాకు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ వేరు వేరు జబ్బులు. ఫోన్ టికెట్టు మొదటిదానికి మంచి మందే. దాన్నే రెండోదానికి కూడా మందని చెప్పి మనచేత మింగిస్తున్నారు.

ముందు మంచి చెప్పుకుందాం. ఇంట్లో ప్రింటు తీసుకునే టికెట్లు వచ్చిన కొత్తలో మోసం చాలా తేలిక. ఒక టికెట్టు కొని, ఆ పీడీఎఫ్‌ని పదిమందికి అమ్మొచ్చు. బార్‌కోడ్ ఒకటే కాబట్టి గేటు దగ్గరికి ముందు చేరినవాడు లోపలికి పోతాడు, మిగతా తొమ్మిదిమంది "ఇది ఇప్పటికే వాడేశారు" అన్న మాట విని గుడ్లు తేలేస్తారు. డబ్బిచ్చి కొన్నామన్న ఋజువు చేతిలోనే ఉంటుంది, లోపలికి మాత్రం పోనివ్వరు. స్క్రీన్‌షాట్లు వచ్చాక ప్రింటు తీసే ఖర్చు కూడా మిగిలింది మోసగాడికి.

దీనికి విరుగుడే కదిలే కోడ్. అమెరికాలో టికెట్లమ్మే పెద్ద కంపెనీ టికెట్‌మాస్టర్ 2019లో సేఫ్‌టిక్స్ అని మొదలుపెట్టింది. తెర మీద బార్‌కోడ్ 15 సెకన్లకోసారి మారిపోతూ ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది చేరేలోపే పాతబడిపోతుంది. ఇందులో మాయేమీ లేదు. బ్యాంకు లాగిన్‌కీ మెయిలుకీ కొందరు ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంటారు చూడండి, అరనిమిషానికోసారి ఆరంకెలు మారుస్తూ ఉంటుంది, అదే సూత్రం. ఫోన్ దగ్గర ఒక రహస్య సంఖ్య ఉంటుంది, సర్వర్ దగ్గరా అదే సంఖ్య ఉంటుంది. రెండూ దాన్ని గడియారంలో టైముతో కలిపి లెక్క కడతాయి. రెండు చోట్లా టైము ఒకటే, రహస్యం ఒకటే, కాబట్టి జవాబూ ఒకటే వస్తుంది. ఈ పద్ధతిని 2011లోనే ఆరెఫ్‌సీ 6238 అనే పేరుతో అందరూ వాడుకునేలా ప్రామాణికంగా రాసి పెట్టారు. ఇందులో అందమేమిటంటే, రహస్యం ఒక్కసారి ఫోన్‌లోకి దిగితే ఆ తర్వాత కోడ్ తయారవడానికి నెట్ అక్కర్లేదు. వేలమంది ఒకేచోట చేరి సిగ్నల్ చచ్చిపోయిన గేటు దగ్గర కూడా పనిచేస్తుంది. (ఛార్జింగ్ మాత్రం ఉండాలి. కాయితం టికెట్టుకు బ్యాటరీ అయిపోవడం అనే రోగం ఎప్పుడూ లేదు. షోకి వెళ్లేముందు ఇప్పుడు నేను మొదట సర్దుకునేది పవర్‌బ్యాంకు.)

అయితే ఆ రహస్యం నా ఫోన్‌లో ఉందంటే, ఓపికున్నవాడు దాన్ని బయటికి లాగగలడు కూడా. సరిగ్గా అదే జరిగింది. ఈ కోడ్ ఎలా తయారవుతుందో 2024లో ఒక సెక్యూరిటీ పరిశోధకుడు విప్పి రాసేశాడు. అదే ఏడు ఏఎక్స్‌ఎస్ అనే మరో టికెట్ల కంపెనీ అమెరికాలో కోర్టుకెక్కింది. తమ యాప్‌లోంచి టికెట్లు బయటికి తీసి, వేరే సైట్ల మీద అచ్చం అలాగే కదిలే కోడ్‌లు చూపించి బ్రోకర్లకు సేవ చేస్తున్నారని దాని ఫిర్యాదు. అంటే ట్రాన్స్‌ఫర్ బటన్‌ను మూసేస్తే, ఆ బటన్‌ను బయట ఇంకెవరో కట్టి అద్దెకిస్తున్నారన్నమాట. మా గేటు దగ్గర కుర్రాడికి అంత పరిజ్ఞానం కూడా అవసరపడలేదు, పాస్‌వర్డు రాసిస్తే సరిపోయింది.

ఇక బ్లాకు. అది నకిలీ కాదు. బ్లాకులో అమ్మే టికెట్టు అసలు టికెట్టే, లోపల సీటు కూడా నిజమైనదే. అక్కడ జరుగుతున్న పనల్లా ఒకటే: పాడేవాళ్లు పెట్టిన ధరకీ జనం ఇవ్వగలిగిన ధరకీ మధ్య ఉన్న తేడాను ఎవరో మధ్యలో దూరి జేబులో వేసుకోవడం. ఆ తేడా ఉన్నంత కాలం దానికోసం ఎవరో ఒకరు వస్తారు. టికెట్టు కాయితం మీదున్నా, ఫోన్‌లో ఉన్నా, రేపు ఇంకెక్కడున్నా వస్తారు.

ఫోన్లూ కంప్యూటర్లూ లేని రోజుల్లోనే వచ్చారు. 1867లో చార్లెస్ డికెన్స్ తన రచనలు చదివి వినిపించడానికి అమెరికా వెళ్తే, టికెట్ల కోసం జనం రాత్రంతా చలిలో క్యూ కట్టారు. ఆ క్యూలో చాలామంది ఆయన అభిమానులు కారు, దళారులు కూలికి నిలబెట్టిన మనుషులు. మనిషి బదులు తనంతట తానే టికెట్లు కొనే కంప్యూటర్ ప్రోగ్రామును బాట్ అంటారు, ఆ కూలి మనిషే ఈనాటి బాట్. చలి వేయదు, కూలి అడగదు, ఒకేసారి వెయ్యి చోట్ల నిలబడుతుంది, అంతే తేడా.

అంతకు పదిహేడేళ్ల ముందు, 1850లో, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి తొక్కినవాడు ఒకడున్నాడు. స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌ను అమెరికా తీసుకొచ్చిన ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ టికెట్లను వేలం వేశాడు. న్యూయార్క్‌లో మొదటి టికెట్టును జాన్ జెనిన్ అనే టోపీల వ్యాపారి 225 డాలర్లకు పాడుకున్నాడు. ఆ దెబ్బతో ఆయన టోపీలకు ఊరంతా పేరొచ్చింది. వేలంలో బ్లాకు ఉండదు నిజమే, ఎందుకంటే తేడా మొత్తాన్ని అమ్మేవాడే మింగేశాడు. అర్థశాస్త్రం చదువుకున్న మిత్రులు నాతో వాదించేదీ ఇదే. ధర తక్కువ పెట్టడమే అసలు తప్పు, సరైన ధర పెట్టండి, బ్లాకు దానంతటదే పోతుంది అంటారు.

ఈ వాదనను కొట్టిపారేయలేను కానీ ఒప్పుకోనూ లేను. కచేరీ అంటే కుర్చీలు అమ్ముకునే వ్యాపారం ఒక్కటే కాదు. ముందు వరసల్లో ఎవరున్నారన్నదాన్ని బట్టి పాట మారుతుంది. ప్రతి చరణం నోటికొచ్చినవాళ్లు ఎదురుగా ఉంటే పాడే గొంతు ఒకలా లేస్తుంది. డబ్బుంది కాబట్టి వచ్చి, రెండో పాటకే ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకునేవాళ్లు ఉంటే ఇంకోలా ఉంటుంది. విద్యార్థులూ చిన్న ఉద్యోగాల వాళ్లూ రాగలగాలని గాయకులు కావాలనే ధర తగ్గించి పెడతారు, పదేళ్ల తర్వాత కూడా వాళ్లు తమ వెంట ఉంటారని. అది తెలివితక్కువతనం కాదు, ఒక రకం పెట్టుబడి. ఆ తగ్గింపును గాయకుడు నాకిచ్చాడు. మధ్యలో వాడు ఎత్తుకుపోయాడు. నా కోపం దానిమీద.

పైగా ధర పెంచడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. 2024 ఆగస్టు ఆఖర్లో, విడిపోయిన రాక్ బృందం ఒయాసిస్ తిరిగి కలిసి చేసే కచేరీల టికెట్లకు బ్రిటన్‌లో గంటల తరబడి క్యూలో ఉన్నవాళ్లకు, తీరా వంతు వచ్చేసరికి 150 పౌండ్ల దగ్గర ఉంటుందనుకున్న నిలబడే టికెట్టు 350 దాటి కనిపించింది. గిరాకీని బట్టి ధర మార్చే యంత్రమేదో పనిచేసిందని అంతా తిట్టారు. తర్వాత అక్కడి పోటీ నియంత్రణ సంస్థ విచారించి చెప్పిందేమిటంటే, నిమిషనిమిషానికీ ధర మార్చే యంత్రం వాడిన ఆధారాలేమీ దొరకలేదు. చవకవి ముందు వదిలారు, అవి అయిపోగానే అదే చోటికి ఖరీదైనవి వదిలారు. ఆ సంగతి క్యూలో ఉన్నవాళ్లకు ముందుగా చెప్పలేదు, అంతే. నాకైతే యంత్రం ఉందన్న మాట కన్నా ఇదే ఎక్కువ మంట పుట్టించింది. బ్లాకును లోపలికి పిలిచి కౌంటర్లో కూర్చోబెట్టినట్టుంది.

బాట్ల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క ఉదాహరణ చాలు. 2014 డిసెంబరులో న్యూయార్క్ మేడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద హాల్లో యూటూ అనే రాక్ బృందం కచేరీకి టికెట్లు పెడితే, ఒకే ఒక బ్రోకర్ బాట్ ఒక్క నిమిషంలో 1,012 టికెట్లు ఎగరేసుకుపోయింది. మనిషికి నాలుగే అన్న నియమం ఉండగానే. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2016 జనవరిలో విడుదల చేసిన నివేదికలోది ఈ లెక్క. ఆ ఏడాది చివర ఇలాంటి బాట్లను అరికట్టడానికి అమెరికా బాట్స్ చట్టం చేసింది. దాని కింద మొదటి కేసు పడేసరికి 2021 వచ్చింది. ముగ్గురు బ్రోకర్లు బంధువుల పేర్లూ, లేని మనుషుల పేర్లూ పెట్టి వందల ఖాతాలు తెరిచి, వందల క్రెడిట్ కార్డులతో టికెట్లు దండుకున్నారు. 3 కోట్ల 10 లక్షల డాలర్ల జరిమానా అన్నారు. కట్టే స్తోమత లేదంటే చివరికి 37 లక్షలతో సరిపెట్టారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడమంటారు కదా, ఇక్కడ ఐదో ఏడు మొదలయ్యాక మొరిగాయి, అదీ మెల్లగా.

కానీ అదే నివేదికలో ఇంకో లెక్కుంది. బాట్ల గోలలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లు పరిశీలించిన పెద్ద కచేరీల్లో సగటున 46 శాతం టికెట్లే సాధారణ జనానికి అమ్మకానికి వచ్చాయి. మిగతా 54 శాతంలో 16 శాతం కళాకారులు, నిర్వాహకులు, హాలు వాళ్లు, వాళ్ల వాళ్ల కోసం పక్కకు తీసిపెట్టుకున్నవి. 38 శాతం ఫలానా క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకూ అభిమాన సంఘాలకూ ముందుగా తెరిచిన ప్రీసేల్‌లో పోయినవి.

ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు కాసేపు ఏమీ తోచలేదు. ఇన్నేళ్లూ క్యూలో కూర్చుని "అమ్మకాలు ముగిశాయి" అని కనబడగానే బాట్లను తిట్టుకున్నాను. సగానికి పైగా సీట్లు అసలు నా క్యూ దాకా రానే లేదన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి నా ఫోన్‌లో 15 సెకన్లకోసారి మారే కోడ్ ఏం పట్టగలదు? ఒక కచేరీకి మొత్తం సీట్లెన్ని, అందులో జనం కోసం పెట్టినవెన్ని అని అమ్మకానికి ముందు తెర మీద రెండంకెలు చూపించడానికి ఏ కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. అయినా నేను వాడిన ఏ యాప్‌లోనూ ఆ రెండంకెలు కనబడలేదు.

గిరాకీ మరీ విపరీతంగా ఉంటే ఏ తాళమూ ఆగదన్నది కూడా నిజం. 2022 నవంబరులో గాయని టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ కచేరీలకి టికెట్‌మాస్టర్ ముందే పేర్లు నమోదు చేయించుకుంది. 35 లక్షల మంది చేరారు. అందులో 15 లక్షల మందిని ఏరి కోడ్‌లు పంపింది. అమ్మకం మొదలైన రోజు సైటు మీదకు 350 కోట్ల రిక్వెస్టులు వచ్చి పడ్డాయి. ఆ ఒక్కరోజే 20 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడై, ఆ తర్వాత జరగాల్సిన సాధారణ అమ్మకం మొత్తానికే రద్దైంది. కొద్ది వారాల్లోనే ఆ సంగతి అమెరికా సెనేట్ దాకా వెళ్లింది. అంతమందికి అన్ని సీట్లు లేవు, అది ఎవరి తప్పూ కాదు. అలాంటప్పుడు ఎవరి నెట్ వేగంగా ఉంది, ఎవరు ఆఫీసు మానేసి కూర్చోగలరు అన్న పరుగు పందెం కన్నా లాటరీ నయం. జపాన్‌లో పెద్ద కచేరీలకు చాలాకాలంగా అదే అలవాటు. కొన్ని రోజులపాటు దరఖాస్తులు తీసుకుంటారు, తర్వాత చీటీ తీస్తారు. మొదటి నిమిషంలో వచ్చినవాడికీ ఆఖరి రోజు వచ్చినవాడికీ ఒకే అవకాశం. బాట్‌కున్న బలమంతా వేగంలో ఉంది. వేగానికి విలువ లేకుండా చేస్తే దాని కోరలు చాలావరకు ఊడినట్టే. దొంగ ఖాతాల బెడద మిగులుతుంది, దానికి వేరే కాపలా కావాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా మింగుడుపడని విషయం. బ్లాకును ఆపడానికే ఈ తాళం అంటున్న కంపెనీలు రెండోసారి అమ్మే వ్యాపారం కూడా చేస్తున్నాయి. టికెట్టు మొదటిసారి అమ్మినప్పుడు ఒక ఫీజు. తిరిగి అమ్మనిచ్చే చోట నేను దాన్ని అదే యాప్‌లో ఇంకొకరికి అమ్మితే నా దగ్గరొక ఫీజు, కొన్నవాళ్ల దగ్గరొక ఫీజు. ధర మూడింతలైతే ఆ ఫీజూ దానితోపాటే లేస్తుంది. ఒకే సీటు మూడు చేతులు మారితే మూడుసార్లు ఆదాయం. ఈ వ్యాపారం ఎంత పెద్దదో తెలియాలంటే, 2020లో టికెట్లు తిరిగి అమ్మించే వయాగోగో అనే కంపెనీ తన పోటీదారు స్టబ్‌హబ్‌ను 405 కోట్ల డాలర్లకు కొన్నదన్న ఒక్క మాట చాలు.

కాయితం టికెట్టుతో నేను ఏమైనా చేసుకోగలిగేదాన్ని. చెల్లికివ్వొచ్చు, స్నేహితురాలికివ్వొచ్చు, పక్కింటి పిల్లాడికి పుట్టినరోజు కానుకగా ఇవ్వొచ్చు. ఫోన్ టికెట్టు యాప్ గడప దాటదు. ఇవ్వాలన్నా అమ్మాలన్నా వాళ్ల అంగట్లోనే, వాళ్లు ఒప్పుకున్న రోజుల్లోనే. ఇది బ్లాకును ఆపిందో లేదో కానీ బయట అమ్మే ఇతర సైట్లనైతే గట్టిగానే అడ్డుకుంటుంది. అమెరికా న్యాయశాఖ 2024 మేలో కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్, టికెట్‌మాస్టర్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. ఆ రెండూ 2010లో ఒక్కటయ్యాయి. 2025 సెప్టెంబరులో అక్కడ వినియోగదారుల మేలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంకో కేసు వేసింది. బ్రోకర్లు పరిమితికి మించి టికెట్లు కొంటున్నారని తెలిసీ చూడనట్టు ఊరుకున్నారన్నది అందులో ఒక ఆరోపణ. ఆరోపణ ఆరోపణే, కంపెనీ కాదంది. కానీ ప్రతి రీసేల్‌లోనూ వాటా ఉన్నవాడిని రీసేల్‌కి కాపలా పెడితే ఏమవుతుందో ఊహించడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. కంచే చేను మేయకపోతే ఆశ్చర్యపోవాలి.

అలాగని ట్రాన్స్‌ఫర్ పూర్తిగా స్వేచ్ఛగా వదిలేయమని కూడా నేను అనను. న్యూయార్క్, ఇల్లినాయ్, కొలరాడో రాష్ట్రాల్లో కొన్నవాడికి టికెట్టు ఇంకొకరికిచ్చే హక్కును చట్టమే కాపాడుతుంది. వినడానికి ఎంతో బాగుంది. 2023లో ద క్యూర్ బృందం తమ అమెరికా కచేరీలకు ధరలు బాగా తగ్గించి, టికెట్లు చేతులు మారకుండా, వద్దనుకున్నవాళ్లు కొన్న ధరకే తిరిగి అమ్ముకునేలా ఏర్పాటు చేసింది. ఈ మూడు రాష్ట్రాల్లో ఆ ఏర్పాటు సాగలేదు, చట్టం అడ్డొచ్చింది. మంచి ఉద్దేశంతో చేసిన చట్టమే బ్రోకర్లకు గొడుగు పట్టింది.

ఆ కచేరీల కథలో నాకిష్టమైన ఘట్టం ఇంకొకటుంది. టికెట్టు 20 డాలర్లయితే దాని మీద ఫీజులన్నీ కలిపి టికెట్టు ధరను మించిపోయాయి. బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ ఊరుకోలేదు, అందరికీ కనబడేలా ట్విట్టర్‌లో నిలదీశాడు. టికెట్‌మాస్టర్ దిగొచ్చి, చవక టికెట్లు కొన్నవాళ్లకు 10 డాలర్లు, మిగతావాళ్లకు 5 డాలర్లు వెనక్కిచ్చింది. ఇవ్వగలిగిందంటే అర్థమేమిటి? ఆ ఫీజు తప్పనిసరి ఖర్చేమీ కాదనేగా! ఆ తర్వాత ఆయన బయటి సైట్లలో అమ్మకానికి కనబడ్డ దాదాపు 7,000 టికెట్లను రద్దు చేయించి మళ్లీ అభిమానులకే అమ్మించాడు. గాయకుడు పట్టుబడితే ఎంత జరుగుతుందో చూపించాడు. అలా పట్టుబట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండడం వేరే దిగులు.

దారి దొరకదని కాదు. జపాన్ 2019 జూన్ నుంచి, కొన్నవారి పేరూ వివరాలూ నమోదైన టికెట్లను వ్యాపారంగా ఎక్కువ ధరకు అమ్మితే ఏడాది దాకా జైలు, 10 లక్షల యెన్‌ల దాకా జరిమానా అంది. ఐర్లండ్ 2021లో చట్టం తెచ్చి, వెయ్యి మందికి పైగా పట్టే చోట జరిగే కార్యక్రమాల టికెట్లను అసలు ధరకన్నా ఎక్కువకు అమ్మడం నేరమంది. డెన్మార్క్‌లో ఇలాంటి నిషేధం 2007 నుంచే ఉంది. బ్రిటన్ ప్రభుత్వం కూడా 2025 నవంబరులో ఇదే బాట పడతామని ప్రకటించింది. అక్కడే గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవానికి ఫొటోతో పేరు నమోదు చేయించుకోవడం 2007 నుంచీ ఉంది. టికెట్టు మీద ఎవరి ముఖముంటే వాళ్లే రావాలి. కానీ అక్కడ రానివాళ్లు గడువులోపు టికెట్టు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. వెనక్కొచ్చినవి మళ్లీ అమ్మకానికి పెడతారు. ఈ రెండో భాగమే మా యాప్ వాళ్లు మర్చిపోయింది. మర్చిపోయారో, వదిలేశారో.

ధరకు కళ్లెం వేస్తే వ్యాపారం చీకట్లోకి పోతుంది, మోసాలు పెరుగుతాయి అంటారు రీసేల్ కంపెనీల వాళ్లు. కొంత నిజం. పాస్‌వర్డులు అమ్మే కుర్రాళ్లు రేపూ ఉంటారు. కానీ వెలుగులో, పెద్ద సైట్ల మీద, కార్డు పేమెంటు సౌకర్యంతో అమ్మే వీలున్నప్పుడు ఒక బ్రోకర్ వేల టికెట్లు అమ్మగలడు. గేటు దగ్గర నిలబడి రెండు ఫోన్లతో అమ్మితే ఎన్ని అమ్మగలడు? నాలుగు? పది? వేలల్లోంచి పదుల్లోకి దిగితే అదే పెద్ద గెలుపు. నేరం పూర్తిగా పోదు కాబట్టి చట్టమే వద్దనడం, దోమలు ఎలాగూ ఉంటాయి కాబట్టి తెర దేనికనడం లాంటిది.

ఇక గుర్తింపు కార్డుల సంగతి. పేరు కట్టేసిన టికెట్టుతో బ్లాకు తగ్గుతుంది, అనుమానం లేదు. కానీ గేటు దగ్గర నిజంగా చూస్తేనే. వేలమందిని గంటలో లోపలికి పంపాలి, ఒక్కొక్కరి కార్డుకు పది సెకన్లు పట్టినా వరస రోడ్డెక్కుతుంది, ఆ టెన్షన్ నిర్వాహకులకు తెలుసు. అందుకే రాస్తారు, చూడరు. చూడని నియమం నిజాయితీపరులనే పట్టుకుంటుంది. ముఖం గుర్తుపట్టే కెమెరాలు పెడదామనేవాళ్లూ ఉన్నారు. ఒక పాట వినడానికి నా ముఖం కొలతలు ఒక కంపెనీకి రాసివ్వడానికి నేను సిద్ధంగా లేను. టికెట్‌మాస్టర్ ఖాతాదారుల వివరాలు 2024లో హ్యాకర్ల చేతికి చిక్కాయి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, ముఖం పోతే?

నేనడిగేది చిన్నదే. టికెట్టు మీద నా పేరు వేసుకోండి, ట్రాన్స్‌ఫర్ ఆపేసుకోండి, కోడ్ సెకనుకోసారి మార్చుకోండి. కానీ షో మొదలయ్యే గంట ముందు దాకా, ఒక్క బటన్ నొక్కి, నేను కొన్న ధరకే అది వెనక్కిచ్చే వీలు కల్పించండి. వెనక్కొచ్చిన సీటును వెయిటింగ్ లిస్టులో ముందున్నవాళ్లకు అదే ధరకు ఇవ్వండి. స్నేహితురాలికే అందాలని కూడా నేను పట్టుబట్టను, ఆ లిస్టులో ఎవరున్నా సరే. ఇందులో సాంకేతికంగా కష్టమైనదేదీ లేదు. 15 సెకన్లకోసారి కోడ్ మార్చగలిగినవాళ్లకు టికెట్టు మీద పేరు ఒక్కసారి మార్చడం బరువా? కొన్న ధర దాటదు కాబట్టి ఇందులో రెండో, మూడో ఫీజు దండుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆ బటన్ ఇంకా రాకపోవడానికి నాకు కనిపించే కారణం అదొక్కటే.

ఆ రాత్రి షో బాగుంది. చెల్లి సీటులో నా బ్యాగూ, స్వెట్టరూ కూర్చున్నాయి. ముందు వరసలో కూడా అక్కడక్కడా నాలుగైదు కుర్చీలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. అవి ఎవరి చెల్లెళ్లవో, లేక మూడింతల ధరకు బేరం కుదరక బ్రోకర్ చేతిలో మిగిలిపోయినవో తెలియదు. బయట బోర్డు మీద మాత్రం హౌస్‌ఫుల్ అని ఉంది. మర్నాడు పొద్దున యాప్ నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి నా పేరుతో, ఒకటి చెల్లి పేరుతో. నిన్నటి కచేరీ మీకెలా అనిపించింది, ఐదు చుక్కల్లో ఎన్నిస్తారు అని. చెల్లికి చూపిస్తే, దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి ఐదూ నొక్కింది.